గున్నకు నడక, రాజరత్నానికి షుగరు

పలాస కాశీబుగ్గ క్రైస్తవుల పేటలో రాజరత్నం గారింటి కుక్క పేరు గున్న. పిల్లగా ఉన్నప్పుడు ఏనుగు గున్నలా ముద్దుగా, గుండ్రంగా ఉందని ఆయనే ఆ పేరు పెట్టాడు. ఎనిమిదేళ్లు గడిచాయి. ముద్దు సంగతి ఎవరి ఇష్టం వారిది గానీ, గుండ్రం మాత్రం ఎక్కడికీ పోలేదు.

పోవడానికి ఆయన అవకాశం ఇస్తేగా. ముప్పై నాలుగేళ్లు జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు చూసిన మనిషి. గుండు పప్పు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క, కళ్లు మూసుకుని కూడా వేరు చేయగలడు. రిటైరయ్యాక కూడా యజమాని మాట కాదనలేక సాయంత్రం రెండు గంటలు వెళ్లి చూసి వచ్చేవాడు. వచ్చేటప్పుడు చొక్కా జేబులో గుప్పెడు ముక్క ఉండేది. ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపు ఆ జేబు ఖాళీ అయ్యేది. పలాసలో పుట్టిన కుక్క పప్పు తినకపోతే ఇంకెక్కడి కుక్క తింటుందని ఆయన వాదన. ఆయన భార్య ప్రేమకుమారి ఆ వాదన ఎనిమిదేళ్లుగా వింటూ, కుక్కకి పెట్టే అన్నంలో రోజుకొక పిడికెడు తగ్గిస్తూ వచ్చింది. ఆవిడ తగ్గించింది ఆవిడకి కనిపించకుండా ఆయన మళ్లీ కలుపుతూ వచ్చాడు.

గున్న అంటే ఆయనకి అంత ఇది ఉండటానికి ఒక కథ ఉంది. మూడేళ్ల కిందట మందస వైపు ఒక జీడితోటలో పిక్కల బేరం చూసుకుని తిరిగొస్తుంటే పొద చాటు నుంచి ఎలుగుబంటి లేచింది. గున్న ఒక్క అరుపు అరిచి, వెంటనే వెనక్కి తిరిగి పరిగెత్తింది. దాని వెనక రాజరత్నం గారు. కుక్క ముందు పరిగెత్తబట్టే తనకి దారి తెలిసిందనీ, లేకపోతే ఈపాటికి తన ఫొటోకి దండ పడేదనీ ఆయన చెబుతాడు. ప్రాణం కాపాడింది అనే మాట దగ్గర కుర్చీలోంచి లేచి నిలబడతాడు కూడా. ఎవరు ఎవరి కంటే ముందు పరిగెత్తారన్నది ఆ సమయంలో ఎవరూ అడగరు.

నవంబరు నెలాఖరుకి మంచు దిగింది. గున్న పెరట్లో కట్టెల పొయ్యి పక్కన బూడిదలో చోటు చూసుకుని పడుకుంది. అన్నానికి తప్ప లేవదు. అన్నం దగ్గరికే తెచ్చి పెడితే దానికీ లేవదు. ఒక రోజు పొద్దున్న పిలిస్తే లేవబోయింది. ముందు కాళ్లు లేచాయి, వెనక కాళ్లు ఉన్నచోటే ఉండిపోయాయి. మళ్లీ ప్రయత్నించింది. మూడోసారికి నిలబడి, ఏమీ జరగనట్టు తోక ఊపింది. ఆ తోక ఊపుకి రాజరత్నం గారు మోసపోలేదు. అప్పటికప్పుడు ఆటో మాట్లాడి, కుక్కని ఒళ్లో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఒళ్లో పెట్టుకోవడం అంటే, ఆయన సీటు మీద, ఆయన మీద అది.

డాక్టరమ్మ కళ్యాణి పాతికేళ్ల పిల్ల. గున్న ఒంటి మీద చెయ్యి వేసి అటూ ఇటూ తడిమింది.

"దీని పక్కటెముకలు ఎక్కడున్నాయి బాబాయ్?" అని అడిగింది.

ఉండాల్సిన చోటే ఉన్నాయని ఆయన అన్నాడు గానీ, చూపించలేకపోయాడు.

ఆవిడ నెమ్మదిగా, ఒక్కొక్కటే చెప్పింది. చలికి కీళ్లు బిగుస్తాయి, కదలకపోతే మరీ బిగుస్తాయి. పొగమంచులో తిప్పొద్దు, ఎండ పడ్డాక పొద్దున్న ఒకసారి, సాయంత్రం చలి దిగకముందు ఒకసారి నడిపించాలి. మొదట్లో కొద్ది దూరం చాలు, తర్వాత పెంచాలి. చల్లని గచ్చు మీద పడుకోనివ్వకుండా గోనెసంచి మడతలు వేయాలి. చలికాలం కుక్కలు నీళ్లు తక్కువ తాగుతాయి కాబట్టి గోరువెచ్చగా చేసి పెట్టాలి. తడిస్తే తుడవాలి. పప్పు, తీపి, నూనె పిండివంటలు బంద్.

"చలి పోయేలోపు బరువు తగ్గాలి. లేకపోతే వెనక కాళ్లు పూర్తిగా మొరాయిస్తాయి. అప్పుడు నా దగ్గరికి తెచ్చినా నేను చేయగలిగింది తక్కువ" అంది.

బరువు చూడటానికి ఆయనకి తెలిసిన తక్కెడ ఒకటే, ఫ్యాక్టరీలో బస్తాలు తూచే కాటా. ముందు తను ఎక్కాడు, డెబ్బై ఎనిమిది. తర్వాత కుక్కని ఎత్తుకుని ఎక్కాడు, నూట తొమ్మిది. అంటే గున్న ముప్పై ఒకటి. కనీసం ఎనిమిది కిలోలైనా తగ్గాలని డాక్టరమ్మ లెక్క. ఆయన చొక్కా జేబు దులిపి, ఆ రోజు నుంచి పప్పు ముట్టనని మనసులో అనుకున్నాడు. అనుకున్న మాట మీద నిలబడ్డాడు కూడా. అక్కడ ఆయన తప్పేమీ లేదు.

తప్పు అంతకు రెండేళ్ల ముందు జరిగింది.

పక్క వీధిలో రవికుమార్ గారని బ్యాంకులో చేసి రిటైరైన ఆయన ఉన్నారు. బొచ్చు కుక్క ఒకటి తెచ్చుకుని, దానికి ఎర్ర స్వెట్టరు తొడిగి, బెల్టు పట్టుకుని రోజూ పొద్దున్నే తిప్పేవారు. అది ఆగిన చోట ఈయన ఆగేవారు. అది వాసన చూస్తున్నంతసేపూ ఈయన ఆకాశం చూసేవారు. ఒకసారి చర్చి ముందు నలుగురిలో రాజరత్నం గారు ఆయనకి 'కుక్కగారి గుమస్తా' అని పేరు పెట్టాడు. పేట పేటంతా నవ్వింది. ఆ పేరు అతుక్కుపోయి, రవికుమార్ గారు ఎదురుపడితే పలకరింపు కంటే ముందు నవ్వు వచ్చే స్థితికి చేరింది.

ఇప్పుడు తన చేతికి బెల్టు వచ్చింది.

కాబట్టి మొదటి రోజు బెల్టు లేకుండానే బయలుదేరాడు. మెడకి మఫ్లరు చుట్టుకుని, తన పాటికి తను నడుస్తున్నట్టు, కుక్క దాని పాటికి అది వస్తున్నట్టు. గున్న రావాలి కదా. దానికోసం జేబులో ఒక ఎండుచేప పెట్టుకున్నాడు. దాని వాసన పట్టుకుని అది వెనకాలే కదిలింది. రైలు గేటు దాకా వెళ్లి రావాలని పథకం. జీడిపిక్కలు కొట్టడానికి ఫ్యాక్టరీలకి వెళ్లే ఆడవాళ్లు గుంపులుగా ఎదురొచ్చారు. రాజరత్నం గారు నడుస్తున్నాడేటని ఒకరినొకరు అడిగారు.

గేటు దగ్గర ఎల్లాజీ టీ కొట్టు. ఎల్లాజీకి అన్నీ కావాలి.

"ఏటి బావా, పొద్దున్నే నడకెట్టేసినావు? డాక్టరు ఏటైనా సెప్పినాడా?"

"డాక్టరమ్మే సెప్పింది" అన్నాడు రాజరత్నం. అది అబద్ధం కాదు.

ఎల్లాజీ గరిటె కిందపెట్టాడు. ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. ఆ వైపు పల్లెల్లో అరవై దాటిన మనిషిని డాక్టరు నడవమన్నాడంటే జబ్బు పేరు విడిగా అడగక్కర్లేదు. అడగడం మర్యాద కూడా కాదు.

"ఈయేల్టినుంచి నీ టీలో పంచదార లేదు బావా. నువ్వు ఏడిసినా ఎయ్యను" అన్నాడు, చాలా ప్రేమగా.

అక్కడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాడు కూడా. కుక్క కోసం అనే మాట నాలుక చివరి దాకా వచ్చి, దాని వెనకే గుమస్తా అనే మాట కూడా వస్తున్నట్టనిపించి, రెండింటినీ కలిపి మింగేసి, పంచదార లేని టీ తాగాడు.

సాయంత్రానికి కబురు చర్చికి చేరింది. మర్నాడు పొద్దున్నే ఫ్లోరెన్స్ వచ్చింది. టీచరుగా చేసి రిటైరైంది, స్త్రీల సమాజం కార్యదర్శి, సంఘంలో ఎవరికి జ్వరమొచ్చినా థర్మామీటరు కంటే ముందు వచ్చే మనిషి. కుర్చీలో కూర్చుని, భయపడొద్దనీ, ఈ రోజుల్లో ఇది జలుబు లాంటిదనీ, పరగడుపున ఒకసారి, తిన్నాక రెండు గంటలకి ఒకసారి చూసుకోవాలనీ, పాదాలు రోజూ అద్దంలో చూసుకోవాలనీ, అన్నం బదులు రాగిజావ తాగాలనీ, ఏ బిస్కెట్టులో ఎంత తీపి ఉంటుందో కూడా గడగడా చెప్పింది. ఆవిడకి ఇన్ని వివరాలు ఎలా తెలుసన్నది ఆయనకి ఆ క్షణంలో తట్టలేదు. ప్రేమకుమారి గుమ్మం పట్టుకుని అంతా విన్నది.

ఫ్లోరెన్స్ వెళ్లాక, నిజం నువ్వైనా చెప్పకూడదా అని ఆయన భార్య మీద విసుక్కున్నాడు.

"నాకేటి? రవికుమార్ గారికి పేరెట్టినపుడు నన్నడిగి ఎట్టినారా? మీరే సెప్పుకోండి" అని ఆవిడ పొయ్యి మీద రాగిజావ కలపడానికి వెళ్లింది. ఎంతకాలంగానో ఆయన పొట్ట తగ్గాలని ఆవిడకి ఉంది. దేవుడు ఒక దారి చూపిస్తే తను ఎందుకు అడ్డం పడాలి?

అది క్రిస్మస్ నెల. ఏ ఇంట చూసినా బూరెల మూకుడు పొయ్యి మీదే ఉండేది. అరిసెలు, గులాబీ పువ్వులు, కొబ్బరి లౌజు, జీడిపప్పు పాకం, రవ్వ కేకు. గృహ ప్రార్థనలు వారానికి నాలుగు. ప్రతి ఇంట్లోనూ అందరికీ పళ్లేలు వచ్చేవి, రాజరత్నం గారి ముందుకి మాత్రం నాలుగు కీరదోస ముక్కలు వచ్చేవి. ఇంటావిడ కళ్లలో నీళ్లు కూడా వచ్చేవి. జీవితమంతా తీపి తిన్న మనిషి, పండగ నెలలో ఈ శిక్ష ఏమిటని. ఆయన వంతు పళ్లెం అప్పటికే సర్ది ఉండేది. దాన్ని వెనక్కి తీసుకెళ్లడానికి ఆవిడకి మనసొప్పేది కాదు. గుమ్మంలో గున్న కూర్చుని ఉండేది.

"మీరెలాగూ తినలేరు. మీ పేరు సెప్పుకొని అదైనా తింటది, పాపం" అనేది ఇంటావిడ.

వద్దమ్మా, దానికి పడదు అని ఆయన మొత్తుకునేవాడు. తను తినలేనిది కుక్క తింటే చూడలేకపోతున్నాడు, అసలే షుగరు మనిషికి చిరాకెక్కువ అని వాళ్లు సర్దుకునేవారు. ఎల్లాజీ మరీను. రోజూ ఆయన గ్లాసులో మిగిల్చిన పంచదారకి బదులుగా గున్నకి రెండు బిస్కెట్లు వేసేవాడు. నడక ఉదయం అర కిలోమీటరు, సాయంత్రం అర కిలోమీటరు పెరిగింది. ఆయన పొలిమేర దాకా తీసుకెళ్లిన కుక్కని పేట మొత్తం కలిసి మళ్లీ మొదటికి తెచ్చేది.

రాత్రి చెయ్యి కడుక్కునేటప్పుడు ఉంగరం జారుతోందని ఆయనకి తెలుస్తూనే ఉంది. గున్న సంగతి మాత్రం నడుస్తోంది కదా, తగ్గకపోతుందా అనుకున్నాడు.

డిసెంబరు ముప్పైన ఫ్యాక్టరీ కాటా ఎక్కారు. కుక్కని ఎత్తుకుని ఎక్కితే సరిగ్గా నూట తొమ్మిది. గ్రాము తేడా లేదు. అయితే ఇద్దరిలో ఎవరూ తగ్గలేదన్నమాట అనుకుని, దింపేసి, ఒక్కడే ఎక్కాడు. డెబ్బై అయిదు. తన ఒంట్లోంచి దిగిన మూడు కిలోలూ ఎటు వెళ్లాయో వెతుక్కోనక్కర్లేదు. కాటా పక్కన కూర్చుని నాలుక చాపి చూస్తున్నాయి.

డాక్టరమ్మకి చూపిస్తే ఆవిడ నవ్వలేదు. గున్న వెనక కాళ్లు పట్టుకుని వంచి చూసింది. అది మూలిగింది.

"నడిపిస్తున్నానన్నారు కదా బాబాయ్. మరి ఎవరు పెడుతున్నారు దీనికి?"

ఆయన వేళ్ల మీద ఇళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఎవరైనా సరే ఆపించండి. ఇంకో నెల ఇలాగే జరిగితే ఇది లేవదు" అంది.

జనవరి ఒకటి ఉదయం కొత్త సంవత్సరం ఆరాధన. చర్చి నిండిపోయింది. గున్న అలవాటు ప్రకారం బయట చెప్పుల పక్కన కూర్చుంది. పాటలయ్యాయి, వాక్యం అయింది. కృతజ్ఞతా సాక్ష్యాల సమయం వచ్చింది. పాస్టరు గారు లేచి, మన సంఘం నెల రోజులుగా ఒక సహోదరుడి ఆరోగ్యం కోసం ఎడతెగక ప్రార్థిస్తోందని మొదలుపెట్టారు. రాజరత్నం గారు ముందున్న మనిషి చాటుకి జరిగాడు. ఆ సహోదరుడు ఎలా సన్నబడి, ముఖంలో కళ వచ్చి కూర్చున్నారో అందరూ చూడవచ్చునన్నారు. ముందుకు వచ్చి దేవుడు చేసిన మేలు చెప్పమన్నారు.

ఆయన ప్రేమకుమారి వైపు చూశాడు. ఆవిడ పాటల పుస్తకం వైపు చూసింది.

మైకు దగ్గరికి వెళ్లాడు. నడకకెళ్లే చొక్కానే వేసుకొచ్చాడని అప్పుడు తెలిసింది, జేబులోంచి ఎండుచేప వాసన మైకు దాకా వస్తోంది.

"సంఘానికి వందనాలు" అన్నాడు. "నాకు షుగరు లేదు."

"హల్లెలూయా" అన్నారు పాస్టరు గారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఫ్లోరెన్స్ కళ్లు తుడుచుకుంది.

"అయ్యగారూ, ఆగండి. పోయిందని కాదు. అసలు రానే లేదు."

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగాయి.

"డాక్టరమ్మ నడవమన్నాది నన్ను కాదు, దాన్ని" అని గుమ్మం వైపు చెయ్యి చూపించాడు.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. తన గురించే అని గున్నకి తెలిసిపోయింది. తోక ఊపుతూ ఆయన దగ్గరికి రాబోయింది. ముందు కాళ్లు లేచాయి. వెనక కాళ్లు గచ్చు మీద జారి, కూలబడింది. మళ్లీ లేవబోయి మళ్లీ కూలబడింది. అప్పటికే మొదలైన నవ్వు సగంలో ఆగిపోయింది.

"సూసినారా? మీరు నామీద జాలిపడి ఎట్టిన కేకులన్నీ అక్కడున్నాయి. కుక్క కోసం నడుత్తన్నానని సెప్పుకోడానికి సిగ్గేసి, నాను దాని కాళ్లు తీసేత్తన్నాను. ఇకమీదట దానికేటీ ఎట్టొద్దు. నాకెట్టండి." ఒక్క క్షణం ఆగి, రెండో వరసలో కూర్చున్న రవికుమార్ గారి వైపు తిరిగాడు. "బాబూ, మీకా పేరెట్టింది నానే. సెమించండి."

రవికుమార్ గారు నెమ్మదిగా లేచారు. బ్యాంకు కిటికీ వెనక నుంచి మాట్లాడినట్టు స్పష్టంగా మాట్లాడే మనిషి.

"పేరు పెట్టింది మీరని నాకు ఆ రోజే తెలుసండి. అది సరే. ఉద్యోగం ఎలా ఉంది?"

అప్పుడు నవ్వారు, చర్చి కిటికీ రెక్కలు అదిరేలా. పాస్టరు గారు కూడా నవ్వు ఆపుకోలేక ముగింపు ప్రార్థన రెండుసార్లు మొదలుపెట్టారు. ఆ వారం ప్రార్థన అంశాల పట్టీలో రాజరత్నం గారి పేరు కొట్టేయలేదు. పేరు చివర 'ఇంటి గున్న కాళ్లు' అని కలిపారు.

మర్నాడు ఏడున్నరకి, ఎండ అరుగు మీదికి వచ్చేసరికి గేటు చప్పుడైంది. ఫ్లోరెన్స్. శాలువా కప్పుకుంది, చీర కుచ్చిళ్ల కింద తెల్ల బూట్లు మెరుస్తున్నాయి. నెల రోజులు రాగిజావ తాగించినందుకు క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చిందేమో అనుకుని ఆయన కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

"అన్నయ్యా, గున్నని కాసేపు నాకిత్తారా? రైలు గేటు దాకా తిప్పి తెత్తాను."

"నీకెందుకు సెల్లమ్మా శ్రమ?"

"శ్రమేటుంది. కుక్కతో ఎల్తే కుక్క కోసమే అనుకుంటారు" అంది. అని, అనకూడని మాట అన్నట్టు శాలువా సర్దుకుంది.

టీ తాగుతావా అని అడిగాడు. ప్రేమకుమారి పంచదార డబ్బా మూత తీస్తుంటే, నాకొద్దు వదినా అని ఫ్లోరెన్స్ చెయ్యి దానంతటదే అడ్డం వచ్చింది. పరగడుపున ఒకసారి, తిన్నాక రెండు గంటలకి ఒకసారి. ఆ గడగడా అంతా రాజరత్నం గారికి అప్పుడు మళ్లీ వినిపించింది. ఆయన లోపలికి వెళ్లి, ఇన్నాళ్లూ దాచిపెట్టిన బెల్టు తెచ్చి గున్న మెడకి కట్టి, రెండో కొస ఆవిడ చేతికిచ్చాడు.

సాయంత్రం ఎల్లాజీ వచ్చాడు. కొట్టు దగ్గర నిలబడి నిలబడి కాళ్లు పట్టేస్తున్నాయనీ, ఊరికే నడిస్తే అందరూ ఏటేటో అనుకుంటారనీ, కుక్క ఉంటే బాగుండుననీ నేల చూపులు చూస్తూ చెప్పాడు. వారం తిరిగేసరికి ఇంకో ఇద్దరు. వాళ్ల పేర్లు చెప్పనని ఆయన మాట ఇచ్చాడు కాబట్టి నేనూ చెప్పను. జబ్బు ఉందని చెప్పుకోవడానికి అందరికీ సిగ్గే. కుక్కకి తోడు వెళ్తున్నామని చెప్పుకోవడానికి మాత్రం ఆ పేటలో ఇప్పుడు ఎవరికీ సిగ్గు లేదు, దానికి దారి రాజరత్నం గారు మైకు పెట్టి వేశాడు. రవికుమార్ గారు పాత స్వెట్టరు ఒకటి పంపారు. అది గున్న తల దాటి కిందికి రాలేదు గానీ, గోనెసంచి మీద పరుపులా పనికొచ్చింది.

ఎవరూ ఏమీ పెట్టలేదు. పెట్టబోయిన వాళ్లని ఫ్లోరెన్స్ టీచరు చూపు చూసేది.

ఫిబ్రవరి చివరికి మామిడి పూత మీద మంచు పలచబడింది. ఒక పొద్దున్న రాజరత్నం గారు గేటు తీసిన చప్పుడుకే గున్న లేచి నిలబడింది. ఒక్కసారికే, నాలుగు కాళ్ల మీద. ఆయన ప్రేమకుమారిని కేకేసి, దాన్ని మళ్లీ కూర్చోబెట్టి మళ్లీ లేపించి చూపించాడు. ఆ వెంటనే కాటా దగ్గరికి తీసుకెళ్లాడు. ఎత్తుకుని ఎక్కితే నూట తొమ్మిది.

దాన్ని దింపి తనొక్కడే ఎక్కాడు. ఎనభై.

అంటే గున్న ఇరవై తొమ్మిది. అయిదు కిలోలు తగ్గింది. రెండు నెలలుగా కుక్కని పేటవాళ్లంతా తిప్పుతుంటే, ఆయన అరుగు మీద కూర్చుని, డిసెంబరులో బాకీ పడ్డ అరిసెలన్నీ ఇంటింటి నుంచీ వచ్చినవి వచ్చినట్టు తింటూ, రెండు చెంచాల పంచదారతో టీ తాగుతూ ఉన్నాడు. డాక్టరమ్మ గున్న కాళ్లు వంచి చూసి మెచ్చుకుంది. తర్వాత ఆయన వైపు తిరిగి, మీరు ఎప్పుడైనా రక్తపరీక్ష చేయించుకున్నారా బాబాయ్ అని అడిగింది.

ఆ సాయంత్రం ఆయన ఫ్లోరెన్స్ ఇంటికి వెళ్లాడు. గుమ్మం బయటే నిలబడి, మఫ్లరు అంచు నలుపుతూ అడిగాడు.

"సెల్లమ్మా, రేపు పొద్దున్న గున్న నాకు కావాల."

ఫ్లోరెన్స్ గున్న నడకల వంతులు రాసి గోడకి తగిలించిన క్యాలెండరు వైపు ఒకసారి చూసింది.

"పొద్దున్న కాళీ లేదన్నయ్యా. సాయంత్రం అయిదింటికి రండి, ఎల్లాజీని ఒక రోజు ఆగమంటాను."